జేజేల కుండలు

పొద్దు పడమటి కొండల మీదికి వాలుతున్న వేళ, కేదారపురి కోటద్వారం ముందు వరసలో ఒక బైరాగి నిలబడి ఉన్నాడు. ఒంటినిండా విబూది, భుజాన జోలె, చేతిలో వెదురుకర్ర. చూసినవాళ్ళకి పిడికెడు గింజల కోసం ఊరు పట్టిన సన్యాసి. ఆ విబూది కింద ఉన్నవాడు మాత్రం కేదార రాజ్యపు వారసుడు, రాజకుమారుడు రుచికేతుడు. తన ఊళ్ళోకి తానే దొంగలా రావలసి వచ్చినందుకు అతనికి లోపల్లోపల మంటగా ఉంది.

తండ్రి ప్రతీపవర్మ కాలం చేసిన కబురు, వేటకు పోయిన అతనికి అడవిలో ఆలస్యంగా అందింది. ఆయన చితి ఆరకముందే ఘోషభైరవుడనే మంత్రగాడు రాజ్యాన్ని గుప్పిట పట్టాడు. రాజుగారి తమ్ముడి కొడుకు మకరాంకుణ్ణి తెచ్చి గద్దెకు సిద్ధం చేశాడు. ఈ మకరాంకుణ్ణి వాడి అద్దం తప్ప మరెవరూ ఇష్టపడి ఎరగరు. అటువంటివాడికి పట్టాభిషేకం!

కేదారపురిలో రాజు కావాలంటే పుట్టుక ఒక్కటే చాలదు. కోట నడిబొడ్డున ఆదరపీఠమనే నల్లరాతి గద్దె ఉంది. జనాదరణ లేనివాడు దాని మీద కూర్చుంటే ఆ రాయి వాణ్ణి ప్రాణాలతో లేవనివ్వదని తరతరాలుగా చెప్పుకుంటారు. ఒకసారి ఎవడైనా కూర్చుని నిలదొక్కుకుంటే, వాడు బతికున్నంత కాలం మరొకడికి ఆ గద్దె దక్కదు. ఈ సాయంకాలం దీపాలు వెలిగించే వేళకు మకరాంకుడు దాని మీద కూర్చోబోతున్నాడు.

రుచికేతుడి ఆలోచన మాత్రం తేలికైనదే. నడిబజారుకు పోయి విబూది తుడుచుకుని నిలబడతాడు. ‘అడుగో, మా రాజకుమారుడు!’ అని జనం జేజేలు కొడతారు. ఆ మోత పీఠానికి వినబడుతుంది. జనాదరణ అంటే అతను ఎరిగిన అర్థం అదే. చిన్నతనంలో తండ్రి ఏనుగు అంబారీ మీద ఊరేగుతుంటే వీధులు దద్దరిల్లడం అతను కళ్ళారా చూశాడు. పెద్దలు కూడా దాన్నే జనాదరణ అన్నారు. పాపం, ఆశ అరచేతిలో వైకుంఠం చూపిస్తుంది.

కోటగోడల లోపలినుంచి అప్పుడే జేజేలు వినబడుతున్నాయి.

“జే! మకరాంక మహారాజుకు జే!”

రుచికేతుడు తలెత్తి గోడల వైపు చూశాడు. ఇంతమందా! నా జనమేనా వీళ్ళు?

ద్వారం దగ్గర వరస ముందుకు కదిలింది. అక్కడ భటులు పచ్చికుండలు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. లోపలికి పోయే ప్రతివాడూ ఒక కుండ మూతికి నోరు ఆనించి, మకరాంకుడికి జే కొట్టాలి. రుచికేతుడి ముందు ఒక కల్లు గీసేవాడు నిలబడ్డాడు. వాడు నవ్వుతూ వంగి, బొంగురు గొంతుతో జే కొట్టాడు. భటుడు చటుక్కున కుండ మూతికి తడిమట్టి మెత్తాడు. కల్లు గీసేవాడు లేచి ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. గొంతు పట్టుకున్నాడు, దగ్గాడు, నోరు బార్లా తెరిచాడు. ఈగ వాలినంత చప్పుడైనా పుట్టలేదు. భటులు వాణ్ణి మెడబట్టి లోపలికి నెట్టారు.

“రావయ్యా సన్యాసీ! నీ వంతు” అన్నాడొక భటుడు.

కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు రుచికేతుడి ముఖంలో. అయినా క్షణమైనా జాగు చేయలేదు. చేతిలోని వెదురుకర్ర భటుడి డొక్కలో దిగింది. రెండోవాడు ఈటె ఎత్తేలోగా వాడి భుజం మీద కాలుపెట్టి, కుండల బండి మీదికి ఎగిరి, అక్కడినుంచి ద్వారపు కమ్మీ పట్టుకుని ఊగి లోపలి వీధిలో పడ్డాడు. వెనక కొమ్ముబూర మోగింది.

ఎంతటి నగరం అది! ఒకప్పుడు కేదారపురి వీధుల్లో గంధపుపొడి రాలి గాలే పరిమళించేది. మేడల గవాక్షాల నుంచి వీణానాదాలు దిగివచ్చి పూలమ్మేవాళ్ళ కేకల్లో కలిసేవి. నెమళ్ళ నడకలతో, పల్లకీ బోయీల పదాలతో, పంతాలాడుకునే అత్తాకోడళ్ళతో ఊరంతా ఒకే జాతరలా ఉండేది. ఇప్పుడు అదే ఊరి మీద బూడిదరంగు మంచు దిగి, దానిలో కుమ్మరి బట్టీల పొగ కలిసి, పగలే పొద్దుగూకినట్టుంది. వీధుల నిండా జనం ఉన్నారు. ఒక్కరికీ మాట లేదు. కూరలమ్మే ఆమె వేళ్ళతో ధర చూపిస్తోంది. ఒక తల్లి తప్పిపోయిన బిడ్డను పిలవలేక రెండు చేతులూ చరుస్తూ పరుగెత్తుతోంది. జేజేలు మాత్రం ప్రతి గోడ మీదినుంచీ, ప్రతి అరుగు మీదినుంచీ హోరెత్తుతున్నాయి. ఆ గోడల మీద బారులు తీర్చి ఉన్నవి మట్టికుండలు. మొగవాళ్ళ గొంతులు, ఆడవాళ్ళ గొంతులు, పసివాళ్ళ గొంతులు అన్నీ ఆ కుండల్లోనుంచే “జే! జే!” అంటున్నాయి.

రుచికేతుడు నడివీధిలో ఆగిపోయాడు. ఈ జనం తనను గుర్తుపట్టి మాత్రం ఏం చేస్తారు? నోరున్నవాడు ఒక్కడూ మిగల్లేదు.

అంతలో వీధి మొదట్లో గొలుసుల చప్పుడైంది. భటులు చెవులపోతును వదిలారు. అది ఘోషభైరవుడు క్షుద్రమంత్రాలతో పుట్టించిన మృగాల్లో ఒకటి. దున్నపోతంత ఒళ్ళు, చేటలంత చెవులు, కళ్ళుండవలసిన చోట నున్నటి చర్మం. మనిషి గొంతు, మనిషి ఊపిరి దానికి మేత. దాన్ని చూసి జనం గోడలకు అతుక్కుపోయారు.

రుచికేతుడు పరుగు లంకించుకున్నాడు. సందు దాటాడు, ప్రహరీ ఎక్కాడు, పెంకుటింటి కప్పు మీదుగా దూకి పశువుల పాకలో పడ్డాడు, పాక వెనక కంచె చీల్చుకుని కుమ్మరివీధిలో తేలాడు. ఎంత పరుగెత్తితే అంత ఊపిరి, ఎంత ఊపిరి తీస్తే అంత దగ్గరగా ఆ మృగం. ఎదురుగా మట్టి నానబెట్టిన గుంట కనబడింది. ఆలోచించకుండా అందులోకి జారి, ముక్కు మాత్రం పైకి ఉంచి, ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. గడ్డకట్టే చలి ఎముకల్లోకి పాకింది.

చెవులపోతు గుంట అంచున ఆగింది. తల వంచింది. దాని చెవి ఒకటి వేలాడి అతని ముక్కుకు తగిలింది. గుండె కొట్టుకోవడం తన చేతిలో లేదు కదా, ఆ చప్పుడు విన్నదో ఏమో, మృగం ముట్టె ఇంకా కిందికి దించింది. సరిగ్గా అప్పుడే పక్కగోడ మీది కుండలన్నీ ఒక్కసారిగా “జే!” అన్నాయి. మృగం తికమకపడి అటు తిరిగింది. వెనకే పరుగెత్తి వచ్చిన భటులు గొలుసు పట్టి దాన్ని ముందుకు లాక్కుపోయారు. తన పగవాడి జేజేలే తన ప్రాణం కాపాడాయని రుచికేతుడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కాసేపటికి గుంటలోకి ఒక ముడతలు పడ్డ చెయ్యి వచ్చి అతని జుట్టు పట్టుకుని లేపింది. చూస్తే ఒక ముసలి కుమ్మరామె. పెదవుల మీద వేలు పెట్టి, అతణ్ణి రెక్క పట్టుకుని పెరటిదారిన ఇంట్లోకి ఈడ్చుకుపోయి తలుపు గడియ వేసింది.

ఇల్లంటే ఒక్క గది. కుండలు చేసే సారె మూలన పడి ఉంది, పొయ్యిలో నిప్పు కణకణలాడుతోంది. ముసలామె అతణ్ణి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. వేణ్ణీళ్ళతో కళ్ళమీది మట్టి తుడిచింది. మిగిలిన మట్టి అలాగే ఒంటికి అంటుకుని ఉంది. నువ్వెవరు, ఏ ఊరు, ఏ కులం అని ఒక్క మాటైనా అడగలేదు. చిరిగిన దుప్పటి ఒకటి భుజాల మీద కప్పి, చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది:

“వణికిపోతాండావు గదప్పా. ఈ చలిలో మట్టిగుంటలో పండుకుంటారా ఎవురన్నా?”

రుచికేతుడు ఉలిక్కిపడ్డాడు. “నీకు మాట ఉందా అవ్వా?”

“మెల్లగా నాయనా, మెల్లగా. నా పేరు ఓబుళమ్మ. వాళ్ళు కుండ పట్టుకోని వచ్చినప్పుడు నేను పుట్టుమూగని అని చేతులు తిప్పినా. నమ్మినారు. ఈ వీధిలో గొంతు మిగిలింది నాకొక్కదానికే. దాంతో ఎవురితో మాట్లాడేది? బదులు చెప్పేటోళ్ళే లేరాయె. నీతో మాట్లాడి ఎన్నాళ్ళకో నా గొంతు నేను వింటాండా.”

అంటూనే ఆమె కళ్ళు తుడుచుకుంది.

“ఆ కుండలు పగలగొడితే గొంతులు తిరిగి రావా?” అని అడిగాడు రుచికేతుడు.

“పగిలితే గొంతు గాల్లో కలిసిపోతాది. పచ్చికుండ నీళ్ళల్లో నాని కరిగితేనే ఎవురిది వాళ్ళకొస్తాది. ఈ పొద్దు దీపాల వేళకి ఆ మకరాంకుడు గద్దెమీద కూచ్చున్నాడనుకో, రేపే కుండలన్నీ ఆవంలో పెట్టి కాలుస్తారంట. కాలిన కుండ కరిగేదుందా? ఇంగ ఈ ఊరికి మాట అనేది కలే.”

బయట గోడల మీద జేజేలు మళ్ళీ హోరెత్తాయి. ఓబుళమ్మ మూతి తిప్పింది.

“వినప్పా, విను. జనాదరణంట! థూ! ఆ మాటకు పట్టిన గతి చూడు.”

“ఏం, జనాదరణ అంటే జనం జేజేలు కొట్టడమే కదా అవ్వా?”

ఓబుళమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. పొయ్యి మీది అంబలి గరిటెతో కలుపుతూ, మనవడికి కథ చెప్పినట్టు చెప్పసాగింది.

“ఈ ఊరికి రాజు లేని కాలంలో పెద్ద వరదొచ్చిందంట. ఎవుడో ఒకడు పైనుంచి కొట్టుకోనొచ్చినాడు. ఒంటిమీద గుడ్డ లేదు, పేరు చెప్పేదానికి గుక్క లేదు. మా వీధిలో ఒకామె లోపలికి పిలిచి, ఆదరించి, ముద్ద పెట్టింది. ‘ఎవురు వీడు, ఎవురోళ్ళ బిడ్డ?’ అని ఊరోళ్ళు అడిగితే ‘మనోడు’ అనిందంట. అంతే. ఆ ముద్ద వాడి గొంతు దిగంగానే నడిమిట్టలో ఒక నల్లరాయి గంట కొట్టినట్టు మోగిందంట. ఆ రాయే గద్దె, ఆ దిక్కులేనోడే మొదటి రాజు. ఆ ముద్దకి పెట్టిన పేరు జనాదరణ. అప్పట్నుంచి రాజు కావాలనేటోడు ఒట్టి చేతులతో, పేరు లేకుండా ఊళ్ళోకి రావల్ల. వాడెవుడో తెలియకుండా ఎవురో ఒకరు ‘మనోడు’ అని ఇంత కూడు పెట్టల్ల.”

“మరి ఏనుగులు, ఊరేగింపులు?”

“తర్వాత రాజులకి మా సంగటి గొంతు దిగలేదప్పా. ముద్ద తీసేసి ఊరేగింపు పెట్టినారు. పైనుంచి మిఠాయిలు విసిరేది, మేము కిందబడి ఏరుకోని జే కొట్టేది. దానికీ ఆ పేరే పెట్టినారు. ఇప్పుడీ మాయలోడొచ్చి, మనిషిని కూడా తీసేసి ఒట్టి మోత ఉంచుకున్నాడు. దీనికీ ఆ పేరే. రాయి ఎంతమంది చేత మోసపోయిందో, ఇంగ మోసపోదని ఏం నమ్మకం?”

 రుచికేతుడికి తండ్రి అంబారీ కళ్ళముందు మెదిలి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే పెద్ద ఆశ లేచింది. ఒట్టి చేతులతో వచ్చాడు. పేరు చెప్పలేదు. ఈమె తనెవరో ఎరగదు. చేరదీసి దుప్పటి కప్పింది. ఇంకేం కావాలి? అడవులన్నీ గాలించినా దొరకనిది ఈ పొయ్యి పక్కనే ఉంది. ఒక్క గుక్క గొంతులో దిగితే చాలు!

ఓబుళమ్మ మట్టిచిప్పలో అంబలి పోసి, ఇంత ఉప్పు వేసి, అతని చేతికిచ్చింది.

“తాగు నాయనా. వేడిమీద తాగు.”

అతను రెండు చేతులా చిప్ప అందుకున్నాడు. అందుకుని, ఏమాత్రం ఆలోచన లేకుండా, పుట్టిననాటినుంచి ప్రతి పూటా చేసినట్టే, చిప్పను ముందుకు చాపి ఆమె పెదవుల దగ్గర పెట్టాడు.

రాజగృహాల్లో అంతే. పెట్టినవాడు ముందు రుచి చూడందే రాజబిడ్డ నోట మెతుకు పెట్టడు. ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు అది, విష భయం. బైరాగి వేషం వేసినప్పుడు జుట్టు మార్చాడు, నడక మార్చాడు, మాట మార్చాడు. చెయ్యి మార్చుకోవడం మరిచిపోయాడు.

ఓబుళమ్మ ఆ చిప్పను చూసింది. అతని ముఖం చూసింది. మెల్లగా రెండడుగులు వెనక్కి జరిగింది.

“కుమ్మరింటి అంబలిలో విషముంటాదనుకుంటివా దొరా?”

రుచికేతుడు చిప్పను చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. “లేదవ్వా, నేను... అలవాటు...”

“ఆ అలవాటు ఒక్క ఇంట్లోనే ఉంది. ప్రతీపవర్మగారి కొడుకువి గదూ?”

అతను తల వంచాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. గబగబా చిప్ప ఎత్తి గటగటా తాగాడు. నాలుక కాలింది. చెవులు రిక్కించాడు. ఎక్కడా ఏ రాయీ మోగలేదు.

ఓబుళమ్మ నెత్తి కొట్టుకుని కూలబడింది. “ఇప్పుడు తాగి ఏం లాభం నాయనా! రాజువని తెలిసినాక నేను పెట్టేది కూడు కాదు, కప్పం. అయ్యో, కడుపులో పెట్టుకుందామనుకుంటి గదయ్యా నిన్ను! నోటికాడి ముద్దని నీ చేత్తో నువ్వే నెట్టేసుకుంటివి!”

ఆ ముసలిదాని ఏడుపు రుచికేతుణ్ణి కత్తులకన్నా లోతుగా కోసింది. ఆమె రాజ్యం పోయిందని ఏడవలేదు. అన్నం పెట్టిన చేతిని అనుమానించాడని ఏడ్చింది. ఏడుపులో గొంతు కాస్త పైకి లేచింది.

అదే కొంప ముంచింది. వీధిలో చెవులపోతు రంకె వినబడింది. తలుపు మీద ఒక్క పోటు, గడియ విరిగి పడింది. కోరమీసాల దళపతి, వాడి వెనక భటులు, వాళ్ళ మధ్య గొలుసులు తెంపుకునేలా లాగుతున్న ఆ మృగంతో గుమ్మంలో నిలిచారు. రుచికేతుడు సరిగ్గా ఆ క్షణానికి పెద్ద నీళ్ళ గాబు వెనక నక్కాడు.

దళపతి ముసలామె కొప్పు పట్టుకున్నాడు. “ఈ ఇంట్లో మాట వినబడింది. మూగదానివని మమ్మల్నే బోల్తా కొట్టించావా ముసలిదానా? గొంతు దాచుకున్నవాళ్ళకి శిక్ష ఏమిటో తెలుసుగా? ఒరేయ్, పెరట్లో ఆవం వెలిగించండి. దీన్ని కుండల మధ్య పెట్టి కాలుద్దాం!”

ఓబుళమ్మ నోరు మెదపలేదు. గాబు వైపు చూడనైనా చూడలేదు.

గాబు వెనక పెరటి కిటికీ ఉంది. దూకితే సందు, సందు దాటితే బతుకు. దీపాల వేళకింకా కాస్త వ్యవధి ఉంది. ఇంకో వీధి, ఇంకో ఇల్లు, తెలియని ఇంకో చెయ్యి దొరకవచ్చు. ఇదంతా రుచికేతుడికి తెలుసు. తెలిసే లేచి నిలబడ్డాడు.

“ఆమెను వదలండి బాబయ్యా! మాట్లాడింది నేను” అన్నాడు పల్లెటూరి యాసలో. ఒంటినిండా ఎండుతున్న మట్టి, కళ్ళు తప్ప ఏమీ కనబడని ఆ ఆకారాన్ని దళపతి గుర్తుపట్టలేదు. “బిచ్చగాణ్ణి. చలికి తాళలేక దూరినా. ఈ ముసలిది నిజంగా మూగదే. కూడు పెట్టమని నేనే ఏడుస్తాండా.”

చెవులపోతు అతని గొంతు విని చెవులు ఆడించింది. దళపతి ముసలామెను వదిలి, భటుడి చేతిలోని కుండ లాక్కుని అతని ముందు పెట్టాడు.

“అయితే కొట్టరా జే. గట్టిగా కొట్టు. నీకే కాదు, దీనికీ అదే విడుదల.”

రుచికేతుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు పోతే ఇక తానెవరో ఎవరికీ చెప్పుకోలేడు. నేను ప్రతీపవర్మ కొడుకునని ఏ బజారులోనూ నిలబడి అనలేడు. మిగిలిన ఒక్క ఆధారాన్నీ ఈ కుండలో పోయాలి, అదీ శత్రువు పేరుతో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు ఆనించి, పొట్టలోనుంచి అరిచాడు:

“జే! మకరాంక మహారాజుకు జే!”

గొంతులోనుంచి ఏదో, నరం లాగినట్టు ఊడి వెళ్ళిపోయింది. భటుడు మూతికి మట్టి మెత్తాడు. రుచికేతుడు ముసలామె వైపు తిరిగి ‘అవ్వా’ అనబోయాడు. పెదవులు మాత్రమే కదిలాయి. మాట ఉండీ పలకడానికి వీల్లేని ఓబుళమ్మ, ఖాళీ చిప్ప గుండెకు హత్తుకుని గుమ్మం దాకా వచ్చింది. భటులు అతని మెడలో తాడు వేసి, మూగజనం మందలో కలిపి, పట్టాభిషేకం చూడడానికి నడికోటకు తోలుకుపోయారు.

కోట నడిబొడ్డున మైదానంలో ఆ సాయంకాలపు వైభవం చెప్పనలవి కాదు. పదహారువన్నె బంగారు స్తంభాలకు చీనాంబరాల మేలుకట్లు. ముత్యాల జాలరులు, పచ్చల తోరణాలు, కస్తూరి కలిపిన పన్నీటి చిలకరింపులు. మేలుకట్టు కింద ఏ నగిషీ లేని ఆదరపీఠం నల్లగా, పెళ్ళింటికి పిలవకుండా వచ్చిన పేదచుట్టంలా ఉంది. దాని పక్కన ఘోషభైరవుడు. మెడలో కంఠాల ఎముకల హారం, చేతిలో కపాలదండం. రత్నాల బరువుకు నడవలేక నడుస్తూ మకరాంకుడు మెట్లెక్కుతున్నాడు. ఎదుట నేల ఈనినట్టు జనం, ఒక్క నోట మాట లేదు. నాలుగు వైపులా కోటగోడల మీద వేలాది కుండలు.

మంత్రగాడు దండం ఎత్తాడు. కుండలన్నీ ఒక్కసారిగా జేజేలు కొట్టాయి. ఆ హోరులో, తూర్పుగోడ అంచున కొత్తగా పెట్టిన కుండలోనుంచి రుచికేతుడికి తన గొంతు వినబడింది. తండ్రి మెచ్చుకున్న గొంతు, తల్లి పోయిననాడు ఏడ్చిన గొంతు. “మకరాంక మహారాజుకు జే!” అంటోంది హాయిగా, మళ్ళీ మళ్ళీ. అతను చెవులు మూసుకుని నేల మీద చతికిలబడ్డాడు. అన్నీ అయిపోయాయనిపించింది. రాజ్యం మీద ఆశ ఉడిగిపోయింది, పగ కూడా చల్లారిపోయింది. ఒంటిమీది మట్టి చలికి బిగుసుకుని పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆకలి తప్ప మరేమీ తెలియడం లేదు.

పక్కన ఒక గొర్రెలకాపరి కూర్చుని ఉన్నాడు. నెరిసిన గడ్డం, భుజాన నల్లగొంగళి. వాడికీ గొంతు లేదు. మట్టిబొమ్మలా వణుకుతున్న ఈ మనిషిని కాసేపు చూశాడు. నాలుక చప్పరించినట్టు పెదవి కదిపి, గొంగళి ఒక చెరగు విప్పి అతణ్ణి లోపలికి లాక్కున్నాడు. గొర్రెల వాసన, మనిషి వెచ్చదనం. తరువాత పంచె ముడి విప్పి, పొద్దుటి సంగటి ముద్ద తీసి, సగానికి తుంచి, పెద్ద సగం అతని చేతిలో పెట్టాడు. తిను, అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

రుచికేతుడు తిన్నాడు. వాడి ముఖం చూడలేదు, గద్దె సంగతి తలవలేదు, దీపాల వేళ అయిందని కూడా ఎరగడు. ఆకలిగొన్న కుక్కపిల్లలా, కన్నీళ్ళు ముద్దలో కలుస్తుంటే తిన్నాడు.

మేలుకట్టు కింద మకరాంకుడు వెనక్కి తిరిగి, పీఠం మీద కూర్చోవడానికి మోకాళ్ళు వంచాడు.

రాయి మోగింది.

లోతైన బావిలో కంచుబిందె రాతికి తగిలినట్టు ఒక్కటే నాదం. నేలలోనుంచి వచ్చి జనం అరికాళ్ళలోకి పాకింది. మకరాంకుడు బెదిరిపోయి మెట్ల మీద బోర్లాపడ్డాడు. ఘోషభైరవుడి ముఖం పాలిపోయింది. దండం విసురుగా దించాడు. కుండలన్నీ నోళ్ళు మూశాయి. మంచులో, పొగలో, అంత జనం మధ్య చీమ నడిస్తే వినబడేటంత నిశ్శబ్దం.

“ఎవడు?” మంత్రగాడి కేక కోటగోడలకు కొట్టుకుని తిరిగి వచ్చింది. “ఈ మందలో ఎవడో ఎవడికో కూడు పెట్టాడు! ఎవణ్ణి చేరదీశార్రా? వాణ్ణి అప్పగించండి. లేకపోతే తెల్లవారేలోగా ఒక్కొక్కరి పొట్ట చీల్చి చూస్తాను! వదలండి పోతుల్ని!”

నాలుగు ద్వారాల దగ్గరా గొలుసులు జారిపడ్డాయి. చేటలంత చెవులు ఆడిస్తూ మృగాలు జనంలోకి దిగాయి. ఒక్కరూ కదలలేదు. గొర్రెలకాపరికి ఆ రాయి ఎందుకు మోగిందో తెలియదు, తన పక్కనున్నది ఎవరో తెలియదు. మృగం ఒకటి వరస వెంట ఊపిరులు వింటూ తమవైపే వస్తుంటే, వాడు, మనోడే అన్నట్టు, రుచికేతుడి వణుకుతున్న భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి అదుముకుని, గొంగళి చెరగు అతని తల మీదికి లాగి కప్పాడు.